15వ లూయీ కూతుళ్లు ఆరుగురు పెరిగి పెద్దయ్యారు, పెళ్లి ఒక్కరికే అయింది. ఎందుకని?

పాతపుటలు

అందరికీ నమస్కారం. ఫ్రెంచ్ విప్లవం మీద ఇక్కడ థ్రెడ్లు చాలానే ఉన్నాయి. ఏది తెరిచినా చివరికి మేరీ ఆంటోనెట్ దగ్గరికే చేరుతుంది. ఆమె 15వ లూయీ మనవడు 16వ లూయీకి భార్య, ఆ ఇంటికి వచ్చిన కోడలు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తరు. చాలాకాలంగా వాళ్ల గురించే చదువుతున్నాను కాబట్టి ఈ థ్రెడ్ పెడుతున్నాను.

ఫ్రాన్స్ రాజు 15వ లూయీ 1725లో, పదిహేనేళ్ల వయసులో, పోలండ్ మాజీ రాజు కూతురు మరీ లెషిన్‌స్కాని పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి 22. 1727 నుంచి 1737 లోపల పదిమంది పిల్లలు పుట్టారు. అందులో ఎనిమిది మంది ఆడపిల్లలే. ఇద్దరు చిన్నతనంలోనే పోయారు. మిగిలినవాళ్లు లూయీజ్ ఎలిజబెత్, ఆమెతో కవలగా పుట్టిన ఆన్రియెట్, తర్వాత అదెలాయిద్, విక్త్వార్, సోఫీ, అందరికన్నా చిన్నది లూయీజ్. పెద్దమ్మాయికి 12వ ఏట పెళ్లి చేశారు. తక్కిన ఐదుగురికీ అసలు కాలేదు.

"తండ్రికి కూతుళ్లంటే పంచప్రాణాలు, వదులుకోలేకపోయాడు" అని చాలాచోట్ల రాస్తారు. నేను నమ్మను. ప్రేమ ఉండే ఉంటుంది. కానీ ఆ పెళ్లిళ్లు ఆగిపోయింది హోదా దగ్గర, దేశాల మధ్య లెక్కల దగ్గర. నా కారణాలు కింద రాస్తాను. ముందు మీరేమంటారో చెప్పండి.

నీలిసిరా

ఆ "పంచప్రాణాలు" అన్నచోటే నాకూ మింగుడుపడదు. 1738లో విక్త్వార్, సోఫీ, తెరేజ్, లూయీజ్ అనే నలుగురు చిన్నపిల్లల్ని వెర్సాయ్ నుంచి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫోంతెవ్రో మఠానికి పంపేశారు. పెద్దమ్మాయి విక్త్వార్‌కి అయిదేళ్లు. లూయీజ్‌కి ఇంకా ఏడాది నిండలేదు. కారణం ఖర్చు. ఒక్కో రాకుమారికి ఒక్కో పరివారం పెట్టి పోషించాలంటే ఖజానాకి బరువని మంత్రి కార్డినల్ ఫ్లరీ లెక్క వేశాడు. ఆరేళ్ల అదెలాయిద్ తండ్రిని బతిమాలుకుని ఆగిపోయిందని చెబుతారు.

విక్త్వార్ మళ్లీ ఇంటి మొహం చూసింది 1748లో. సోఫీ, లూయీజ్ 1750లో వచ్చారు. తెరేజ్ రానేలేదు, 1744లో ఎనిమిదేళ్లకే అక్కడ పోయింది. అన్నేళ్లలో తల్లిగానీ తండ్రిగానీ ఒక్కసారి వెళ్లి చూసింది లేదు. 1747లో రాజు నాత్తియే అనే చిత్రకారుణ్ని మఠానికి పంపి, మిగిలిన ముగ్గురి బొమ్మలూ గీయించి రాణికి ఇచ్చాడు. పిల్లలు ఎలా ఎదిగారో తల్లి చూసుకుంది ఆ బొమ్మల్లోనే.

విక్త్వార్‌కి పెద్దయ్యాక కూడా ఉన్నట్టుండి భయం పట్టుకునేదట. చిన్నప్పుడు తప్పు చేస్తే, చనిపోయిన సన్యాసినుల్ని పాతిపెట్టే నేలమాళిగలోకి ఒంటరిగా పంపి ప్రార్థన చేయించేవారు, అందువల్లే ఈ భయం అని ఆమే చెప్పుకుంది. ఇది రాసింది మేడమ్ కంపాన్. పదిహేనేళ్ల వయసులో ఈ రాకుమార్తెలకి పుస్తకాలు చదివి వినిపించే ఉద్యోగంలో చేరి, తర్వాత మేరీ ఆంటోనెట్ దగ్గర పనిచేసిన మనిషి.

డల్లాస్_పిన్ని

ఏడాది నిండని పిల్లని పన్నెండేళ్లు చూడకుండా ఎలా ఉన్నారమ్మా! చదువుతుంటేనే కడుపులో దేవేస్తోంది.

ఒక సందేహం. పెద్దమ్మాయిని చేసుకున్నది స్పెయిన్ రాకుమారుడు ఫిలిప్ కదా. వాళ్లు కూడా ఫ్రాన్స్ రాజుల్లాగే బూర్బన్ వంశంవాళ్లే. మరి ఈ పిల్లకి అతను ఏమవుతాడు?

మాస్టారు

పిన్నిగారూ, మన లెక్కలో చెబితే బాబాయి అవుతాడు. స్పెయిన్ రాజు 5వ ఫిలిప్ అంటే 15వ లూయీ తండ్రికి సొంత తమ్ముడు. ఆ ఫిలిప్ కొడుకు ఈ పెళ్లికొడుకు. అంటే రాజుగారికి తమ్ముడి వరస. రాజు తన పన్నెండేళ్ల కూతుర్ని పంతొమ్మిదేళ్ల తమ్ముడికిచ్చి చేశాడన్నమాట. మనవైపు మేనరికం దర్జాగా చేసుకుంటాం, బాబాయి వరస అంటే మాత్రం చెవులు మూసుకుంటాం. కాథలిక్ చర్చికి ఈ తేడా లేదు. తల్లివైపైనా తండ్రివైపైనా దగ్గరి చుట్టరికమే, రెండిటికీ పోప్ అనుమతి కావాలి, రాజులు అడిగితే అది వచ్చేది.

1739 ఆగస్టు 26న వెర్సాయ్‌లో పెళ్లి జరిగింది, వరుడు లేకుండానే. అతని తరఫున ఇంకొకరు నిలబడ్డారు. ఆ రోజుల్లో ఇది మామూలే, మేరీ ఆంటోనెట్ పెళ్లిలో వియన్నాలో వరుడి స్థానంలో నిలబడింది ఆమె సొంత అన్న. ఆగస్టు 31న పిల్ల బయల్దేరింది. కవలలు పుట్టాక విడిపోవడం అదే మొదలు. రాజు కొంతదూరం ఆమె బండిలోనే కూర్చుని సాగనంపాడు.

పెళ్లికొడుక్కి అప్పటికి రాజ్యం లేదు, వచ్చే దారీ లేదు, అన్నలున్నారు. ఫ్రాన్స్ రాజు పెద్దకూతుర్ని సింహాసనం లేనివాడికిచ్చారేమిటని ఆస్థానంలో అంతా ఆశ్చర్యపోయారు. అత్తగారు ఎలిజబెత్ ఫర్నేసే. ఆవిడ మాటే వేదం. పద్నాలుగేళ్లకే, 1741 డిసెంబరు 31న, ఈ పిల్లకి కూతురు పుట్టింది. పేరు ఇసబెల్లా.

1748లో ఏక్స్-లా-షపెల్ ఒప్పందంలో ఫిలిప్‌కి ఇటలీలోని పార్మా డచీ (డ్యూక్ ఏలే చిన్న రాజ్యం) దక్కింది. అత్తగారి పుట్టింటి రాజ్యమే అది. తీరా వెళ్లి చూస్తే ఖాళీ ఇల్లు. అంతకుముందు అక్కడ ఏలిన బావగారు డాన్ కార్లోస్ నేపుల్స్‌కి వెళ్తూ చిత్రపటాలూ పుస్తకాలతో సహా ఫర్నేసేల సొత్తంతా పట్టుకుపోయాడు. అందుకే ఆమె పుట్టింటికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి స్పెయిన్ నుంచి పార్మా వెళ్లే దారిలో, రెండోసారి ఆన్రియెట్ పోయాక 1752లో, మూడోసారి 1757లో. అది మనకి బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాది. బుస్సీ ఏ రాజు జెండా కింద ఇటువైపు వచ్చాడో ఆ రాజు కూతురే ఈమె. మూడోసారి వచ్చాక తిరిగి వెళ్లలేదు. 1759 డిసెంబరు 6న వెర్సాయ్‌లోనే మశూచితో పోయింది, 32 ఏళ్లకి. ఫ్రాన్స్ రాజుల సమాధులుండే సాన్-దెనీలో ఆన్రియెట్ పక్కనే ఖననం చేశారు.

ఓరుగల్లు_వాసి

చదువుతుంటే జాలేస్తోంది, కాదనను. కానీ ఒక ప్రశ్న ఉంది, కోపం తెచ్చుకోకండి. ఇదే దేశంలో రైతు ఉప్పు మీద కూడా పన్ను కట్టాడు. 1775 ఏప్రిల్, మే నెలల్లో రొట్టె ధర పెరిగి జనం బజార్ల మీద పడ్డారు, వెర్సాయ్ దాకా వచ్చారు. పిండి యుద్ధం అని దానికి పేరే ఉంది. అదే ఏడాది ఆగస్టులో 16వ లూయీ చెల్లెలు క్లోతిల్ద్ పెళ్లి ఘనంగా చేశారు. పెళ్లి కాని మేనత్తలకి విడిగా పరివారం, గుర్రాలు, కోటలు. వాళ్ల బాధ బాధే, కానీ ఆ బాధకి బిల్లు కట్టింది ఎవరు? ఇది పక్కన పెట్టి రాకుమార్తెల కథలు చెప్పుకుంటే సగం చరిత్రే చెప్పుకున్నట్టు.

పాతపుటలు

ఓరుగల్లు_వాసి గారూ, కోపం దేనికండీ, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నా మొదటి ప్రశ్నకి జవాబు కూడా అందులోనే ఉంది.

రాజు కూతురికి "ఫ్రాన్స్ కూతురు" అని ఒక హోదా. దేశంలో రాజు, రాణి, యువరాజు కుటుంబం తర్వాత ఆమె ముందు ఎవరూ నిలబడలేరు. ఆమెను ఎవరికైనా ఇవ్వాలంటే అతను రాజైనా అయి ఉండాలి, రాజు కొడుకైనా కావాలి, పైగా కాథలిక్ అయి తీరాలి. ఈ మూడూ పెట్టుకుని 1750 నాటి యూరప్‌ని చూడండి. ఇంగ్లండ్, ప్రష్యా, డెన్మార్క్, స్వీడన్ ప్రొటెస్టెంట్లు. రష్యా ఆర్థొడాక్స్. మిగిలిన ఇళ్లలో స్పెయిన్ రాజుకి పెళ్లయింది, పోర్చుగల్ రాజుకి 1729లోనే అయింది, నేపుల్స్ రాజుకి 1738లో, బవేరియా పాలకుడికి, సాక్సనీ వారసుడికి 1747లో. సావోయ్ వారసుడు 1750లో స్పెయిన్ పిల్లని చేసుకున్నాడు. ఆస్ట్రియా 1756 దాకా శత్రుదేశం, అక్కడి యువరాజు జోసెఫ్ 1741లో పుట్టినవాడు, వీళ్లందరికన్నా చిన్నవాడు. మఠం నుంచి పిల్లలు తిరిగొచ్చేసరికి బజారులో వరుడే లేడు.

దేశం లోపల ఇవ్వొచ్చుగా అంటారేమో. ఆన్రియెట్ విషయంలో ఆ మాట వచ్చింది. రాజవంశంలోనే ఒక శాఖ అయిన ఓర్లియాన్ ఇంటి షార్త్ర్ డ్యూక్‌కీ ఆమెకీ ఇష్టమని అందరూ అనుకునేవారు. కానీ రాజుకున్నది ఒకే కొడుకు. ఆ కొడుక్కి ఏమైనా అయితే సింహాసనం తమదేనని ఓర్లియాన్ వాళ్లూ స్పెయిన్ బూర్బన్లూ ఇద్దరూ కాచుకుని ఉన్నారు. కూతుర్ని ఓర్లియాన్ ఇంటికి ఇస్తే తూకం అటు మొగ్గుతుంది. సంబంధం కుదరనివ్వలేదు. 1743లో ఆ డ్యూక్ ఇంకొకరిని చేసుకున్నాడు. ఆన్రియెట్ 1752 ఫిబ్రవరిలో 24 ఏళ్లకి జబ్బుచేసి పోయింది. ఆమె వియోల్ అనే తంత్రీవాద్యం వాయిస్తున్నట్టు నాత్తియే వేసిన నిలువెత్తు చిత్రం వెర్సాయ్‌లో ఉంది. అది పూర్తయింది ఆమె పోయిన రెండేళ్లకి.

బిల్లు ఎవరు కట్టారంటే, మీరన్నట్టు జనమే కట్టారు. ఆ ఖర్చుతో ఈ నలుగురికీ దొరికిన జీవితం ఎలా ఉండేదో చూడండి. కంపాన్ రాసిందే. పొద్దున్నే రాజు తన చేత్తో కాచుకున్న కాఫీ పట్టుకుని లోపలి మెట్ల మీదుగా అదెలాయిద్ గదికి వచ్చేవాడు. ఆమె గంట కొడితే విక్త్వార్‌కి వినబడేది. విక్త్వార్ లేచి తన గంట కొట్టేది, అది సోఫీకి. సోఫీ కొడితే లూయీజ్‌కి. లూయీజ్ గది అందరికన్నా దూరం, మనిషి పొట్టి, నడుము కాస్త వంకర. గదులన్నీ దాటుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి తండ్రి వేటకి లేవబోతూ ఉండేవాడు. ఒక ముద్దు పెట్టించుకునే టైమే దొరికేది.

సాయంత్రం ఆరింటికి వీళ్లు తండ్రి దగ్గరికి వెళ్లాలి. రెండువైపులా వెడల్పుగా నిలబడే కమ్మీల పావడా, దానిమీద బంగారు జరీ లంగా, నడుముకి కట్టుకునే పొడుగాటి తోక. లోపలున్న ఇంటిబట్టలు కనబడకుండా గడ్డం దాకా నల్లటి టఫెటా పట్టు కప్పుకునేవారు. దివిటీలు పట్టుకుని పరిచారకులు ముందు నడిచేవారు. రాజు ఒక్కొక్కరి నుదుటి మీదా ముద్దు పెట్టేవాడు, అంతే. పావుగంటలో తిరిగొచ్చి, ముడులు విప్పేసి, మళ్లీ కుట్టుపని ముందేసుకునేవారు. కంపాన్ ఆపిన పేజీ నుంచి చదువు అందుకునేది.

కృష్ణలంక

ఆ గంటల సంగతి నాకు తెలియదండీ. మూడు గదుల అవతల నుంచి పరిగెత్తుకొచ్చే ఆ చిన్నపిల్ల కళ్లకి కట్టింది. థ్రెడ్ బుక్‌మార్క్ చేసుకున్నాను.

లియాన్‌లో_తెలుగమ్మాయి

లూయీజ్ గురించి నేను చెబుతాను, ఆరుగురిలో నాకు బాగా ఇష్టమైన మనిషి ఆమె.

పన్నెండేళ్లకి మఠం నుంచి వచ్చినప్పుడు ఆమెకి అక్షరాలు కూడా పూర్తిగా రావట. వెర్సాయ్‌కి వచ్చాక పట్టుబట్టి చదువుకుంది. గుర్రపుస్వారీ, వేట అంటే ఇష్టం. 1770 ఏప్రిల్ 11న, 32 ఏళ్ల వయసులో, ఎవరికీ చెప్పకుండా సాన్-దెనీలోని కార్మెలైట్ మఠానికి వెళ్లి సన్యాసం పుచ్చుకుంది. తండ్రి ఒక్కడికే తెలుసు. లూయీజ్ వెళ్లిపోయిందని రాజు వచ్చి చెప్పగానే అదెలాయిద్ నోట వచ్చిన మొదటి మాట "ఎవరితో?" అని. అక్కకే అంతుబట్టలేదంటే ఎంత గుట్టుగా చేసుకుందో చూడండి.

కార్మెలైట్ నియమాలు చాలా కఠినం. చన్నీళ్లు, గరుకు బట్టలు, మాంసం లేని తిండి. కంపాన్ చూడ్డానికి వెళ్తే ఆమె బట్టలుతికి వస్తోంది. అన్నిటికన్నా ఏది కష్టమనిపించింది అంటే, ఒక చిన్న మెట్లదారి ఒంటరిగా దిగడం అని చెప్పింది. వెర్సాయ్‌లో ఆమె ఎప్పుడు మెట్లు దిగినా పాలరాతి మెట్లే, పక్కన చెయ్యి అందించే మనిషి ఉండేవాడు. ఇక్కడ నిటారుగా ఉన్న ఆ ఇరుకు మెట్లు చూస్తే అగాథంలా కనిపించి, మొదట్లో ఒక్కో మెట్టు మీద కూర్చుంటూ దిగిందట.

ఓరుగల్లు_వాసి గారు అడిగినదానికి ఇది నా జవాబు. ముప్ఫై ఏళ్లు వచ్చినా మెట్లు దిగడం రాకుండా పెంచడానికి అంత డబ్బు పోశారు. దేశానికి నష్టం, ఆ మనిషికీ నష్టమే. ఆమె ఆ రెండూ వదిలేసి వెళ్లింది. 1773లో మఠాధిపతి అయింది, 1787 డిసెంబరులో అక్కడే పోయింది. ఆ మఠం ఇప్పుడు సాన్-దెనీ పట్టణ మ్యూజియం. పారిస్ వచ్చినవాళ్లు బసిలికా చూసి వెళ్లిపోతారు. ఇదీ చూడండి, దగ్గరే.

ఓరుగల్లు_వాసి

ఈ జవాబు బాగుందక్కా. మెట్ల సంగతి మర్చిపోలేను. బిల్లు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నీలిసిరా

మిగిలిన ముగ్గురినీ "పనిలేని ముసలి మేనత్తలు" అని కొట్టిపారేసే అలవాటుంది. నాకది అన్యాయం అనిపిస్తుంది. వీళ్లకి హార్ప్ నేర్పింది తర్వాత నాటకకర్తగా పేరుపొందిన బోమార్షే. 1764లో అచ్చయిన మొజార్ట్ మొట్టమొదటి సొనాటాలు అంకితమైంది విక్త్వార్‌కే, అప్పటికి ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్లు. ముగ్గురికీ మూడు లైబ్రరీలు ఉండేవి, బైండింగ్ తోలు రంగుని బట్టి ఎవరి పుస్తకమో చెప్పొచ్చు. అదెలాయిద్‌ది ఎరుపు, విక్త్వార్‌ది ఆకుపచ్చ, సోఫీది నిమ్మపండు పసుపు.

1774 ఏప్రిల్ చివర్లో రాజుకి మశూచి వచ్చింది. అంటువ్యాధి అని యువరాజుని, తమ్ముళ్లని దూరం పెట్టారు. ఈ ముగ్గురికీ అంతకుముందు మశూచి రాలేదు, అయినా పడకగది వదల్లేదు, చివరిదాకా సేవ చేశారు. మే 10న రాజు పోయాక ముగ్గురికీ అంటుకుంది, బతికి బయటపడ్డారు. అక్క ఏ జబ్బుతో పోయిందో వాళ్లకి తెలుసు. తెలిసే లోపలికి వెళ్లారు.

అలాగని మంచి మాత్రమే చెప్పను. పద్నాలుగేళ్ల మేరీ ఆంటోనెట్ వచ్చినప్పుడు తండ్రి ప్రియురాలు దు బారీ మీద కసితో ఆ పిల్లని ఎగదోసింది వీళ్లే. దు బారీతో మాట్లాడకుండా బిగుసుకుని కూర్చుంటే ఆస్ట్రియా రాయబారి కంగారుపడ్డాడు, తల్లి వియన్నా నుంచి ఉత్తరాలు రాసింది. చివరికి 1772 జనవరి 1న "ఈరోజు వెర్సాయ్‌లో జనం బాగా ఉన్నారు" అని ఒక్క ముక్క అనిపించేదాకా ఆ టెన్షన్ తగ్గలేదు. పెళ్లి చేసుకుని పరాయిదేశం వచ్చిన ఆడపిల్ల కష్టం తెలియని ఇంట్లో ఆమె పడిందనుకుంటాను.

మాస్టారు

పరాయిదేశం వెళ్లిన పిల్లల మాట వచ్చింది కాబట్టి ముందుతరం సంగతి ఒకటి. 1722 జనవరి 9న ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులో బిదసోవా నదిలో నెమలికోళ్ల దీవి అనే చిన్న లంక మీద ఆడపిల్లల్ని మార్చుకున్నారు. ఫ్రాన్స్ ఇచ్చింది రీజెంట్ (రాజు చిన్నవాడని అతని తరఫున పాలించినవాడు) కూతురు, పన్నెండేళ్ల లూయీజ్ ఎలిజబెత్ ద ఓర్లియాన్ (పైన చెప్పిన ఆమె వేరు). స్పెయిన్ ఇచ్చింది మరియానా విక్టోరియా, ఇంకా నాలుగేళ్లు నిండని పిల్ల, 15వ లూయీకి కాబోయే భార్య.

మన పిల్ల భర్త 1వ లూయిస్ 1724లో స్పెయిన్ రాజయ్యాడు, ఏడు నెలలకి మశూచితో పోయాడు. పద్నాలుగేళ్లకి ఆమె విధవరాలైన రాణి. 1725లో ఫ్రాన్స్‌లో అనుకున్నారు, రాజుకి పదిహేనేళ్లు, త్వరగా వారసుడు కావాలి, ఏడేళ్ల పిల్ల ఎప్పుడు పెద్దవుతుందని. చిన్న ఇన్ఫాంటాని (స్పెయిన్ రాకుమారిని అలా అంటారు) తిప్పి పంపేశారు. స్పెయిన్ మండిపడి ఫ్రాన్స్ పిల్లల్ని తిప్పి పంపింది. విధవరాలు పారిస్‌లో లుక్సంబర్గ్ భవనంలో 1742లో పోయింది, పట్టించుకున్నవాళ్లు తక్కువ. చిన్న ఇన్ఫాంటా తర్వాత పోర్చుగల్ రాణి అయింది. లూవ్ర్‌లో ఆమె ఆడుకున్న తోటని ఇప్పటికీ ఇన్ఫాంటా తోట అనే పిలుస్తారు. పాతపుటలు గారి వాదన నూటికి నూరుపాళ్లు నిజమనడానికి నాకు ఇది చాలు.

కృష్ణలంక

పెద్దమ్మాయి కూతురు ఇసబెల్లా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. సంబంధం మాట్లాడింది తల్లే, ఆస్ట్రియా వారసుడు జోసెఫ్‌తో. పెళ్లి 1760 అక్టోబరులో అయ్యేసరికి తల్లి లేదు. జోసెఫ్‌కి ఆమె అంటే పిచ్చి ప్రేమ. ఆమె మనసు మాత్రం ఆడపడుచు మరియా క్రిస్టీనా మీద. ఒకే భవనంలో ఉంటూ ఆమెకి దాదాపు 200 ఉత్తరాలు రాసింది. లెక్కలు, తత్వశాస్త్రం, వయొలిన్ అన్నీ వచ్చిన పిల్ల. రాకుమార్తెల బతుకు మీదే ఒక వ్యాసం రాసింది. పుట్టుకతోనే నియమాలకి బానిస, చివరికి ముక్కూమొహం తెలియనివాడికి దేశం కోసం ఇచ్చేస్తారు, ఆ పెళ్లితో దేశానికి ఒరిగేది ఏమన్నా ఉందా అనేది అందులో ఆమె బాధ. 1763 నవంబరులో, గర్భిణిగా ఉండగా మశూచి సోకి, 22 ఏళ్లు కూడా నిండకుండా పోయింది. పుట్టిన పాపా దక్కలేదు.

ఆన్రియెట్‌కి పెళ్లి కాలేదని బాధపడతాం. పెళ్లయిన అక్కకి, ఆ అక్క కూతురికి జరిగింది చూస్తే ఏది మెరుగో నేను చెప్పలేను.

నీలిసిరా

పైన ఎవరో క్లోతిల్ద్ పేరెత్తారు. 16వ లూయీకి ఇద్దరు చెల్లెళ్లు, క్లోతిల్ద్, ఎలిజబెత్. తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయారు, గవర్నెస్ చేతిలో పెరిగారు. క్లోతిల్ద్ బొద్దుగా ఉండేదని "లావు మేడమ్" అని పేరుపెట్టి ఏడిపించేవారు. సావోయ్ ఇంటి ఆడపిల్లలిద్దరిని రాజుగారి తమ్ముళ్లిద్దరికీ చేసుకున్నారు, బదులుగా ఈ పిల్లని 1775లో ఆ ఇంటి వారసుడికి ఇచ్చారు. కుండమార్పిడి సంబంధమే. బయల్దేరేటప్పుడు పదకొండేళ్ల ఎలిజబెత్ అక్కని వదలకుండా పట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత వాళ్లు కలుసుకోలేదు.

ఇక్కడొకటి చెప్పాలి. ఆ పెళ్లి బాగానే నడిచింది. పిల్లలు లేరు, రాజ్యం పోయింది, ఊరూరూ తిరిగారు, అయినా ఒకరినొకరు విడవలేదు. 1802 మార్చిలో నేపుల్స్‌లో ఆమె పోతే జూన్‌లో భర్త సింహాసనం తమ్ముడికి ఇచ్చేశాడు. తర్వాత జెసూయిట్ సన్యాసుల్లో చేరాడు.

ఎలిజబెత్‌కి సంబంధాలు వచ్చాయి, ఏదీ కుదరలేదు, ఆమెకీ ఫ్రాన్స్ వదలాలని లేదు. 1783లో అన్న ఆమెకి వెర్సాయ్ దగ్గర మోంత్రేయ్‌లో ఇల్లు కొనిచ్చాడు, కానీ 25 ఏళ్లు నిండేదాకా రాత్రి అక్కడ పడుకోకూడదని షరతు. పగలంతా ఉండి, తోట చూసుకుని, తన ఆవుల పాలు ఊళ్లో పేదపిల్లలకి పంచి, చీకటిపడితే కోటకి వచ్చేయాలి. ఆమెకి 25 నిండింది 1789 మే 3న. అదే అక్టోబరులో రాజకుటుంబాన్ని పారిస్ లాక్కెళ్లారు. సొంత ఇంట్లో నిద్రపోయే హక్కు వచ్చాక మిగిలింది అయిదు నెలలు.

1794 మే 10న గిలటీన్ వేశారు. తాత 15వ లూయీ పోయి ఆ రోజుకి సరిగ్గా ఇరవై ఏళ్లు.

ఓరుగల్లు_వాసి

ఎలిజబెత్ చావుని నేను సమర్థించను. ఆమె చేసిన నేరమేంటో నాకు అర్థం కాలేదు.

కానీ మేనత్తలు 1791 ఫిబ్రవరిలో దేశం వదిలి రోమ్‌కి పోయినప్పుడు జనం ఎందుకు ఆపారో అర్థమవుతుంది. జనానికి రొట్టె లేదు, వీళ్లు బండ్ల నిండా సామాను వేసుకుని వెళ్తున్నారు, రేపు రాజు కూడా ఇలాగే పోతాడని భయం. ఆ భయం నాలుగు నెలల్లో నిజమైంది కూడా, జూన్‌లో రాజు పారిపోతూ వరెన్ అనే ఊళ్లో పట్టుబడ్డాడు.

పాతపుటలు

నిజమేనండీ, ఆ భయానికి కారణం ఉంది. ఆర్నే-ల-దుక్ అనే ఊళ్లో వాళ్లని రోజుల తరబడి ఆపేశారు. పారిస్‌లో జాతీయ సభలో పెద్ద చర్చ. ఇద్దరు ముసలమ్మలు పారిస్‌లో కాకుండా రోమ్‌లో ప్రార్థన చేసుకుంటామంటే నాలుగు గంటలు చర్చించారని తెలిస్తే యూరప్ ఆశ్చర్యపోతుందని మెనూ అనే సభ్యుడు లేచి అన్నాక వదిలిపెట్టారు. సోఫీ 1782లోనే పోయింది, బయల్దేరింది అదెలాయిద్, విక్త్వార్ ఇద్దరే. ఎలిజబెత్‌ని కూడా రమ్మంటే అన్నని వదిలి రానంది.

రోమ్‌లో అయిదేళ్లు, ఫ్రెంచ్ సైన్యం వస్తోందని నేపుల్స్, అక్కడికీ వస్తే అడ్రియాటిక్ మీదుగా ఓడల్లో ట్రియెస్టే. విక్త్వార్ 1799 జూన్ 7న ట్రియెస్టేలో పోయింది. ఎనిమిది నెలల తర్వాత అదెలాయిద్ రోమ్‌లో. అన్న కొడుకు 18వ లూయీగా రాజయ్యాక ఇద్దరినీ సాన్-దెనీకి తెప్పించాడు.

డల్లాస్_పిన్ని

మరి మేరీ ఆంటోనెట్ కూతురు? ఆ పిల్ల బతికింది కదా, పెళ్లయిందా?

మాస్టారు

అయిందండీ. మరీ తెరేజ్ షార్లొట్. విప్లవకాలంలో పారిస్‌లో టెంపుల్ జైల్లో ఉన్న రాజకుటుంబం అయిదుగురిలో ప్రాణాలతో బయటికి వచ్చింది ఆమె ఒక్కతే. తల్లీ మేనత్తా తమ్ముడూ పోయారన్న సంగతి 1795 వేసవి దాకా ఆమెకి చెప్పలేదు. అదే డిసెంబరులో, 17వ పుట్టినరోజు నాటికి, ఆస్ట్రియా చేతిలో ఉన్న ఫ్రెంచ్ ఖైదీలకి బదులుగా ఆమెని వదిలారు.

జైలు నుంచి అడుగు బయటపెట్టగానే పెళ్లి రాజకీయం మొదలైంది. వియన్నాలో ఆర్చ్‌డ్యూక్ కార్ల్‌కి చేసుకుందామని ఆశ. బాబాయి 18వ లూయీకి మాత్రం ఆమె ఫ్రెంచ్ రాజవంశంలోనే ఉండాలని పట్టు, మనవాళ్ల మీద జనానికి మిగిలిన సానుభూతి అంతా ఈ పిల్లే అని అతనికి తెలుసు. 1799 జూన్ 10న ఇప్పటి లాత్వియాలో ఉన్న మిటావ్‌లో ఇంకో బాబాయి కొడుకు అంగులెమ్ డ్యూక్‌తో పెళ్లి చేశారు. పిన్నిగారూ, వరస మీరు అడక్కముందే చెబుతున్నాను, అన్నయ్య అవుతాడు. పిల్లలు కలగలేదు. 1814లో తిరిగి ఫ్రాన్స్ వచ్చారు, 1830లో మళ్లీ ప్రవాసం. 1851 అక్టోబరు 19న ఆస్ట్రియాలో ఫ్రోస్‌డోర్ఫ్‌లో పోయింది.

లియాన్‌లో_తెలుగమ్మాయి

ఆమె సమాధి సాన్-దెనీలో లేదు, వెతికి నిరాశపడకండి. స్లొవేనియాలో నోవా గొరిత్సా పక్కన కొస్తాన్యెవిత్స కొండ మీద ఫ్రాన్సిస్కన్ మఠంలో, భర్త, మామగారు 10వ చార్లెస్ పక్కన ఉంది. ట్రియెస్టే నుంచి దూరం కాదు, ఇటలీ వైపు గొరిజియాలో దిగి సరిహద్దు దాటితే చాలు.

వెర్సాయ్ వెళ్లేవాళ్లకి ఒక మాట. అద్దాల హాలు చూసి అలసిపోయి బయటికి వచ్చేయకండి. కింది అంతస్తులో తోటవైపు అదెలాయిద్, విక్త్వార్ ఉన్న గదులున్నాయి. నాత్తియే వీళ్ల నలుగురక్కాచెల్లెళ్లని భూమి, నిప్పు, గాలి, నీరుగా వేసిన చిత్రాలు మాత్రం అక్కడ దొరకవు, అవి బ్రెజిల్‌లో సావో పాలో మ్యూజియంలో ఉన్నాయి.

డల్లాస్_పిన్ని

బ్రెజిల్‌లోనా! మా పెద్దమ్మాయి ఉద్యోగం సావో పాలోలోనే. ఈసారి వెళ్లినప్పుడు చూస్తాను. ఏది ఎవరో ముందే చెప్పండమ్మా, ఆన్రియెట్ ఎక్కడ?

లియాన్‌లో_తెలుగమ్మాయి

నిప్పు ఆన్రియెట్, పిన్నీ. భూమి పెద్దక్క, గాలి అదెలాయిద్, నీరు విక్త్వార్.